రెండు ఆంపియర్లు దాటకుండా

1979 నవంబరు 4, ఆదివారం. నంద్యాల.

ఈ ఆదివారం కూడా ఆళ్ళగడ్డకు వెళ్ళడం కుదరలేదు. టెక్నికల్ స్కూల్లో పరీక్షలు దగ్గర పడ్డాయి, లాబులో మీటర్లన్నీ సరిచూడాలి. నిజానికి ఆ పని నిన్ననే అయిపోయింది. అయినా లాబన్నాక ఏదో ఒక పని ఉంటుంది.

లూదియా కార్డు రాసింది. నాలుగే లైన్లు. తను బడికి వెళ్తోందట. తమ్ముడి కుడికన్ను ఇక రాదని కర్నూలు డాక్టరు తేల్చి చెప్పాడట. ఎడమకంటికి వెలుతురూ, మనుషుల ఆకారాలూ తెలుస్తున్నాయట. చివర "నువ్వు ఎప్పుడొస్తావు" అని రాసి ఆపేసింది.

పెళ్ళయి పదహారేళ్ళు. ఆమె టీచరు ఉద్యోగం ఆళ్ళగడ్డలో, నాది ఇక్కడ. ఇన్నేళ్ళలో ఒక్క శనివారం కూడా నేను ఆ బస్సు ఎక్కకుండా ఉండలేదు. సెప్టెంబరు దాకా.

నవంబరు 6.

లాబు రికార్డులు దిద్దే చెయ్యి నాది. జరిగింది జరిగినట్టు రాయడం అలవాటే. రాస్తాను.

సెప్టెంబరు 16, ఆదివారం. ఆళ్ళగడ్డ ఇంటి వసారాలో ఇస్సాకు లారీ బ్యాటరీని నా ఛార్జరుకు తగిలించాం. ఇస్సాకు లూదియా తమ్ముడు, నాకు మేనమామ కొడుకు. బేతంచెర్ల నుంచి నాపబండలు తోలే లారీకి డ్రైవరు. లూదియా చర్చిలో ఆడవాళ్ళ కూటానికి వెళ్ళింది. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో నేను లోపల ఉన్నాను. ఇస్సాకు నోట్లో బీడీతో వచ్చి, ఛార్జరు ఆపకుండానే క్లిప్పు లాగాడు. బ్యాటరీ పేలింది. ఆసిడ్ మొహాన పడింది. నేను వెంటనే నీళ్ళు కొట్టాను.

కారణం: పాత బ్యాటరీ. నిప్పు.

ఇంతే.

నవంబరు 11, ఆదివారం.

కుదరలేదు.

నవంబరు 13.

కింది వాటాలో ఉండే ఇంటావిడ యశోదమ్మ మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఏం సారూ, వారం వారం ఊరికి పోతాంటివి గదా. ఇప్పుడేంది ఈడ్నే ఉంటాండావ్?"

"పరీక్షలమ్మా."

"దసరాకు ముందునుంచీ పరీక్షలేనా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కాసేపటికి జొన్నరొట్టె, గోంగూర పంపింది. ఒక్కడినే కూర్చుని తిన్నాను. తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకపోతే నమిలే చప్పుడు ఎంత పెద్దగా వినిపిస్తుందో ఇన్నాళ్ళూ తెలియదు.

నవంబరు 18, ఆదివారం.

ఒక ఆలోచన వచ్చింది. ఒంటి కంటితో, అదీ సగం చూపుతో, ఇస్సాకు ఇక లారీ తోలలేడు. కానీ బ్యాటరీల సంగతి వాడికి తెలిసినంత ఆళ్ళగడ్డలో ఇంకెవరికీ తెలియదు. బస్టాండు దగ్గర చిన్న ఛార్జింగ్ షాపు పెట్టుకోవచ్చు. దానికి మంచి ఛార్జరు నేను చేసిస్తాను. కరెంటు ఎంత పెడితే అంతే రావాలి. కళ్ళు కనిపించకపోయినా భయం ఉండకూడదు.

ఇప్పుడు అందరం వాడేది చాలా మామూలు పెట్టె. మెయిన్స్‌ను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు, ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు. అంతే. ఎంత కరెంటు పోవాలో ఆ పెట్టె చేతిలో లేదు. బ్యాటరీ ఎంత తాగితే అంత. మెయిన్స్, అంటే ఇంటి లైను వోల్టేజీ, పెరిగితే ఇంకా ఎక్కువ. అందుకే వరసలో ఒక హెడ్‌లైట్ బల్బు పెడతాం. కరెంటు పెరగబోతే బల్బు వెలిగి, తన వంతు తాను మింగి, అడ్డుకుంటుంది. మోటుపద్ధతే, కానీ నమ్మకమైనది.

ఆ రోజు కూడా బల్బు ఉంది.

తయారయ్యాక ఛార్జరును బస్సులో పంపవచ్చు. కండక్టరుకు చెబితే దించేస్తాడు.

నవంబరు 28.

పాత రేడియోల నుంచి కొన్ని సామాన్లు, కర్నూలు నుంచి తెప్పించిన పెద్ద ట్రాన్సిస్టర్లు రెండు. స్కూలు అయ్యాక గదిలోనే బల్ల వేసుకుని పని చేస్తున్నాను. సాయంత్రాలు గడుస్తున్నాయి.

పద్ధతి ఇది. బయటికి పోయే కరెంటంతా పెద్ద ట్రాన్సిస్టరు గుండా పోవాలి. దాని వెంటనే ఒక చిన్న తీగచుట్ట గుండా పోవాలి. ఆ చుట్ట విలువ ఓమ్‌లో మూడో వంతు. కరెంటు పెరిగేకొద్దీ చుట్ట మీద వోల్టేజీ పెరుగుతుంది. రెండు ఆంపియర్ల దగ్గర అది సుమారు ముప్పాతిక వోల్టుకు కొంచెం తక్కువ. ఆ మాత్రం వోల్టేజీ చాలు, పక్కనున్న చిన్న ట్రాన్సిస్టరు పనిలోకి దిగి, పెద్దదాన్ని తెరిచి ఉంచే కరెంటును పక్కకు లాగేస్తుంది. పెద్దది మూసుకోవడం మొదలుపెడుతుంది. బ్యాటరీ ఎంత అడిగినా రెండు దాటదు.

బోర్డు మీద ఇది ఇరవై ఏళ్ళుగా చెబుతున్నట్టే చెప్పగలను. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. గోడకు చెప్పాను.

డిసెంబరు 2, ఆదివారం.

కుదరలేదు. చర్చికి కూడా వెళ్ళలేదు.

డిసెంబరు 5.

అవుట్‌పుట్ రెండు కొసలూ కలిపేసి షార్టులో పరీక్షించాను. మీటరు ముల్లు రెండు దగ్గర నిలబడింది. సంతోషం వేసింది. ఎంతసేపు నిలబడుతుందో చూద్దామని వదిలేశాను. ట్రాన్సిస్టరు వేడిని లాగే అల్యూమినియం రేకు చాలా చిన్నది పెట్టాను. పది నిమిషాలకు వాసన వచ్చింది. ముల్లు ఒక్క ఊపున చివరికి పోయి కొట్టుకుంది. పెద్ద ట్రాన్సిస్టరు వేడికి చచ్చి, లోపలే అతుక్కుపోయి, కరెంటంతా వదిలేసింది. ప్లగ్గు పీకాను.

పీకాక పది నిమిషాలు బల్ల మీద చేతులు ఆనించుకుని కూర్చున్నాను.

కరెంటును ఆపేదే కాలిపోతే దాని వెనక ఇంకేదో ఉండాలి. ఫ్యూజు. పెద్ద రేకు. విద్యార్థికైతే ముందే చెప్పి ఉండేవాణ్ణి.

డిసెంబరు 9, ఆదివారం.

బల్బు లేదు.

ఆ రోజు బల్బు లేదు. నేనే తీశాను.

ఆ సెప్టెంబరులో పొలాల మోటార్లన్నీ ఒకేసారి తిరిగేవి. ఇంట్లో వోల్టేజీ బాగా పడిపోయేది. బల్బు ఎర్రగా కూడా వెలగడం లేదు. బ్యాటరీలోకి ఏమీ పోవడం లేదు. ఇస్సాకు పక్కనే తిరుగుతున్నాడు.

"బావా, ఈ గుడ్డిదీపం పెట్టుకుంటే రేపటికి గూడా నిండదు. ఐదుగంటలకు బండి ఎత్తాల."

"ఉండప్పా, నింపుతా" అన్నాను. బల్బు విప్పి పక్కన పెట్టి, ఆ రెండు కొసలకూ రాగివైరు ముక్క చుట్టాను. వోల్టేజీ తక్కువగా ఉంది కాబట్టి ఫరవాలేదనుకున్నాను. "అరగంట చాలు" అన్నాను.

అన్నం తిని మంచం మీద వాలాను. మూడుకు ముందు మోటార్ల లైను ఆపేసినట్టున్నారు. ఎలా తెలుసంటే, పైన ఫాను వేగం పెరిగింది. గాలి బాగా వచ్చింది. హాయిగా అనిపించింది. కళ్ళు మూసుకున్నాను.

నేను ఎలక్ట్రికల్ ఇన్‌స్ట్రక్టరును. ఫాను వేగం పెరిగితే వసారాలో బ్యాటరీకి ఏమవుతుందో నాకంటే తెలిసినవాడు ఆ వీధిలో లేడు. అరగంట కాదు, గంటన్నర అయింది. బ్యాటరీ లోపల నీళ్ళు మరిగి మండే గ్యాసు నిండిపోయి ఉంటుంది. బీడీ లేకపోయినా క్లిప్పు దగ్గర వచ్చే నిప్పురవ్వ చాలు.

రాసేశాను. ఇప్పుడు కాస్త నయం.

డిసెంబరు 25. క్రిస్మస్.

ఇక్కడి చర్చిలోనే ఆరాధన. పాటల పుస్తకం పక్కవాళ్ళతో కలిసి పట్టుకున్నాను. వెళ్ళకపోవడానికి ఏ కారణం రాయాలో తోచక లూదియాకు ఉత్తరమే రాయలేదు.

డిసెంబరు 27.

నిన్న లూదియా వచ్చింది. చెప్పకుండా. మెట్ల మీద చప్పుడయితే యశోదమ్మ అనుకున్నాను. చేతిలో టిఫిను గిన్నె. గది గడపలోనే నిలబడి బల్ల మీది వైర్లనూ, ఉతకని బట్టలనూ, నన్నూ చూసింది.

"ఇంగొక కాపురం పెట్టినావేమో చూసి పోదామని వస్తి" అంది.

"అదేం మాట లూదీ?"

"మరి ఏం మాట చెప్పమంటావ్? మూణ్ణెల్లాయె. పండగ్గూడా రాకపోతివి."

ఛార్జరు చూపించాను. ఇస్సాకు కోసమే చేస్తున్నానని చెప్పాను. స్విచ్చి తిప్పి, ముల్లు కదలకుండా నిలబడటం చూపించాను. ఆమె చూపు మీటరు మీద లేదు.

"వాడు పెట్టె అడగలే. నిన్ను అడుగుతాండాడు. రోజూ ఒకటే మాట. బావకు నా మీద కోపమొచ్చింటాది, బీడీ పట్టుకోని క్లిప్పు పీకితి, బావ చేసిన పెట్టెకు చెడ్డపేరు తెస్తి అని. నేనేం చెప్పాల వానికి?"

నేను స్విచ్చి ఆపాను.

"కోపమా నీకు?"

"లేదు."

"ఆ మాట నువ్వొచ్చి చెప్పు" అంది. టిఫిను గిన్నెలో అరిసెలు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని నా చొక్కాకు ఊడిన గుండీ కుట్టింది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. వచ్చే నెల ఆరో తేదీన వస్తానని మాటిచ్చాను.

ఆమె వెళ్ళాక గది ముందు కంటే పెద్దదైనట్టు ఉంది.

1980 జనవరి 2.

పొద్దున రెండు ఆంపియర్లు పెడితే మధ్యాహ్నానికి ఒకటిన్నరకు జారుతోంది. రెండు రోజులు వెతికాను. చిన్న ట్రాన్సిస్టరును పెద్దదాని రేకుకు ఆనించి బిగించాను. వేడెక్కితే అది ముందుగానే మేలుకుని ముందుగానే ఆపేస్తోంది. దూరంగా జరిపాను. ఇప్పుడు స్థిరంగా ఉంది. ఒకటి, రెండు, నాలుగు ఆంపియర్లకు మూడు చుట్టలు, ఒక తిప్పుడు స్విచ్చి. టక్కుమనే చప్పుడు లెక్కపెట్టుకుంటే చూడనక్కర లేదు. ఫ్యూజు కూడా పెట్టాను.

పని అయిపోయింది. ఇక పని ఉందని చెప్పడానికి లేదు.

జనవరి 6, ఆదివారం. ఆళ్ళగడ్డ నుంచి తిరిగి వచ్చాక.

చెప్పేశాను.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. ఇంటికి చేరేసరికి ఇస్సాకు వసారాలోనే ఉన్నాడు. కుడికన్ను మూసుకుపోయి ఉంది. చెంప మీద చర్మం ముడతపడింది. నా అడుగుల చప్పుడుకే లేచి నిలబడ్డాడు.

"బావా! కోపం పోయిందా?"

పెట్టె వాడి ముందు పెట్టి, చెయ్యి పట్టుకుని స్విచ్చి చూపించాను. ఒకసారి టక్కంటే ఒకటి, రెండోసారికి రెండు, మూడోసారికి నాలుగు. వాడు తిప్పుతూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. అప్పుడే చెప్పాను. బల్బు తీసి వైరు చుట్టింది నేనని, బీడీది తప్పు కాదని. లూదియా వంటింటి గడపలో నిలబడి వింటోంది.

ఇస్సాకు స్విచ్చి తిప్పడం ఆపాడు. తరవాత, "తొందరపెట్టింది నేనే గదా బావా. గుడ్డిదీపమంటి. నువ్వు నాకోసరం తీస్తివి. దీనికా మూణ్ణెల్లు మొగం చాటేసింది?" అన్నాడు. నా భుజం వెతుక్కుని చెయ్యి వేశాడు.

లూదియా కళ్ళు తుడుచుకుని కోడిని కోయించింది. అన్నం దగ్గర, బదిలీకి మళ్ళీ అర్జీ పెడతానంది. తమ్ముడు షాపు పెట్టుకున్నాక తానూ నంద్యాల వస్తానంది. ముగ్గురం నవ్వుకున్నాం.

అంతా చెప్పేశాను. మనసు తేలికయింది.

జనవరి 8.

అంతా చెప్పేశాను.

జనవరి 13, ఆదివారం.

వెళ్ళలేదు. జలుబు చేసింది. పెద్ద జలుబేం కాదు.

జనవరి 17.

లూదియా ఉత్తరం. బస్టాండు దగ్గర గది దొరికిందట. పక్క టీకొట్టతను పొద్దున, సాయంత్రం ఒక కన్ను వేసి ఉంచుతానన్నాడట. ఇస్సాకు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడట: "మా బావ చేసిన పెట్టె. మా బావ అంటే ఏమనుకుంటాండావ్."

నాలుగుసార్లు చదివాను. మడిచి బల్ల సొరుగులో పెట్టాను. మళ్ళీ తీసి సూట్‌కేసు అడుగున పెట్టాను.

జనవరి 22.

రికార్డులో ఒక లైను తప్పుగా ఉంది. "నేను వెంటనే నీళ్ళు కొట్టాను."

కర్నూలులో డాక్టరు అడిగాడు. "మొదటి నిమిషమే ముఖ్యం. వెంటనే పోశారా?"

"వెంటనే పోశాను డాక్టరుగారూ" అన్నాను. లూదియా నా పక్కనే ఉంది. కృతజ్ఞతగా నా చెయ్యి పట్టుకుంది.

చప్పుడు విని పరుగెత్తుకుని వచ్చాను. ఇస్సాకు నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. రెండు చేతులూ మొహం మీద. నీళ్ళతొట్టి నాకు ఎడమపక్క, ఐదడుగుల దూరం. ఛార్జరు కుడిపక్క. నేను కుడిపక్కకు వెళ్ళాను. ప్లగ్గు తీశాను. అది సరే, తియ్యాలి. ఆ తరవాత రాగివైరు విప్పాను. జేబులో పెట్టుకున్నాను. బల్బు తీసుకుని దాని చోట దాన్ని బిగించాను. చప్పుడుకు వీధిలోవాళ్ళు వస్తారని తెలుసు. వాళ్ళు వచ్చేసరికి బల్బు ఉండాలి.

అప్పుడు నీళ్ళు పోశాను.

ఎందుకలా చేశానో నాకు తెలియదని రాయబోయాను. తెలుసు. ఇరవై ఏళ్ళుగా నన్ను అందరూ తెలిసినవాడంటారు.

వాణ్ణి ఐదేళ్ళప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పాను.

జనవరి 27, ఆదివారం. రాత్రికి ముందే రాసేస్తున్నాను.

మొదటి బస్సుకు వెళ్ళాను. షాపు తలుపు కొత్తగా రంగు వేసి ఉంది. లోపల ఇస్సాకు ఒక్కడే. ట్రాక్టరు బ్యాటరీ ఒకటి ఛార్జవుతోంది. మీటరు ముల్లు రెండు దగ్గర ఉంది. నన్ను చూసి స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. వైరు, జేబు, బల్బు, ఆ తరవాత నీళ్ళు. ఆ వరసలోనే.

వాడు మొహం నా వైపు తిప్పాడు.

"ఎంతసేపు?"

"ఏమో అప్పా..."

"లాబు సారువు గదా. లెక్క చెప్పు. ఎంతసేపు?"

"పదిహేను అంకెలు లెక్కపెట్టేంత."

వాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పైకి. తొందర లేకుండా. ఒకటి. రెండు. మూడు. లూదియా వాడికి అన్నం తెచ్చినట్టుంది, ఏడు దగ్గర వచ్చి తలుపులో ఆగింది. ఏమిటిదన్నట్టు నన్ను చూసింది. నేను తల వంచుకున్నాను. పదకొండు. పన్నెండు. అంత పొడుగ్గా ఉంటాయని నాకు తెలియదు. పదిహేను.

"అంతసేపూ నేను నిన్నే పిలుస్తాంటి బావా" అన్నాడు. "పలకకపోతే నువ్వు ఇంట్లో లేవేమో, యాడికో పోయినావేమో అనుకుంటి."

లూదియా చేతిలోని గిన్నె నేల మీద పెట్టింది. "ఏంది ఇస్సాకూ? ఏం పదైదు?"

వాడు చెప్పలేదు. నేనే చెప్పాను. ఆమె ముందు రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. డాక్టరు దగ్గర నా చెయ్యి పట్టుకున్న ఆ చేతిని ఆమె ఇంకో చేత్తో తుడుచుకుంటూ నిలబడింది. అలా చేస్తున్నట్టు ఆమెకే తెలియదనుకుంటాను.

"ఇంగ పో బావా" అన్నాడు ఇస్సాకు. "బస్సుకు టైమయితాది."

బస్సుకు ఇంకా గంటుంది. వెళ్ళి బస్టాండులో కూర్చున్నాను. ఇద్దరిలో ఎవరూ బయటికి రాలేదు.

ఫిబ్రవరి 3, ఆదివారం.

ఏమీ లేదు.

ఫిబ్రవరి 12.

లూదియా కార్డు. "బదిలీ అర్జీ వెనక్కి తీసుకున్నా. తమ్ముడు షాపుకు పోతాండాడు. నాకు కొన్నాళ్ళు రాయొద్దు."

రాయలేదు.

ఫిబ్రవరి 19.

యశోదమ్మ అడిగింది, అమ్మగారు బాగున్నారా అని. లేదని చెప్పాను. ఎందుకని అడిగింది. నా తప్పేనని చెప్పాను. ఆమె మెట్ల మీద కాసేపు నాతో పాటు కూర్చుంది. వీధిలో పిల్లలు అరుస్తూ ఆడుకుంటున్నారు.

మార్చి 5.

కార్డు వచ్చింది. ఇస్సాకు సొంత చేతిరాత. అక్షరాలు పెద్దవిగా, లైను దాటి ఎక్కి దిగుతున్నాయి.

"బావకు. ఒకాయన ఆరు వోల్టుల బ్యాటరీ తెచ్చినాడు. స్కూటరుది. దీన్ని ఆ పెట్టెకు పెట్టొచ్చా లేదా. ఇస్సాకు."

అంతే.

పెట్టొచ్చు. కరెంటు ఎటూ దాటదు. కానీ బ్యాటరీ వోల్టులు తక్కువైతే మిగిలిన వోల్టులన్నీ పెద్ద ట్రాన్సిస్టరే మొయ్యాలి, అది బాగా వేడెక్కుతుంది. ఒకటి మీదే పెట్టాలి, రేకును ముట్టుకుని చూస్తుండాలి. ఇదంతా కార్డు మీద రాశాను. చదువుకున్నాను. ముట్టుకుని చూడమంటే ఎంత వేడి దాకా? రాతలో చెప్పలేను. తప్పుగా అర్థమైతే?

కార్డు చింపేశాను.

మార్చి 9, ఆదివారం.

వెళ్ళి వచ్చాను.

ఇస్సాకు కూర్చోమనలేదు. "ఆడుండాది" అని బ్యాటరీ వైపు చెయ్యి చూపించాడు. ఒకటి మీద పెట్టాం. రేకు మీద వాడి వేళ్ళు ఉంచి, పక్కన నా వేళ్ళు ఉంచాను. అరగంటకు, "ఇదిగో, ఇంతకంటే కాలితే ఆపెయ్" అన్నాను. తలూపాడు. ఆ తరవాత ఒక ట్రాక్టరు బ్యాటరీ వచ్చింది. వాడు మూతలు విప్పాడు, నేను డిస్టిల్డ్ వాటరు పోశాను. మధ్యాహ్నం లూదియా అన్నం తెచ్చింది. రెండు పళ్ళేలలో పెట్టింది. నాతో మాట్లాడలేదు. నా పళ్ళెంలో కూర అయిపోతే మళ్ళీ వేసింది.

సాయంత్రం చెప్పులు తొడుక్కుంటుంటే ఇస్సాకు లోపలి నుంచి అన్నాడు.

"వచ్చే ఆదివారం రుద్రవరం నుంచి నాలుగు బ్యాటరీలు వస్తాండాయి."

రమ్మని అనలేదు.

శనివారమే బయలుదేరుతాను.